నాలుక కింది గోలీ మానితేనే నమ్ముతామంటున్నారు, బిడ్డ రోజూ నా చొక్కా జేబులు వెతుకుతోంది

ప్రశ్న: డీసీఎం డ్రైవర్, మిర్యాలగూడ

సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడ ఇతరులు రాసినవి చదవడమే తప్ప నేను ఇంతవరకు ఏమీ రాయలేదు. నా వయసు 38 సంవత్సరాలు. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు చేరవేసే డీసీఎం వ్యాను నడుపుతాను. ఆరేళ్ల కిందట హమాలీలకు చేయి సాయం పట్టబోతే నడుము పట్టేసింది. ఊళ్లోని ఆర్‌.ఎం.పి. ఇచ్చిన గోలీతో గంటలో నొప్పి పోయింది. దానితోపాటు రాత్రంతా బండి నడిపినా అలసట తెలియలేదు. ఆ తర్వాత నొప్పి లేని రోజున కూడా ఆ గోలీ కోసం చేయి చాచడం ఎప్పుడు మొదలైందో నాకే గుర్తు లేదు. దాని పేరు ట్రమడాల్ అని, అది నల్లమందు జాతి మందేనని, 2018 ఏప్రిల్‌లోనే దానిని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారని తెలిసేనాటికి నేను రోజుకు పది పన్నెండు గోలీలు మింగే స్థితికి వచ్చాను.

పోయిన దసరాకు ముందు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద, వేములపల్లి దాటాక, చాయ్ తాగుదామని బండి ఆపినప్పుడు నాకు ఫిట్స్ వచ్చాయి. బండి నడుస్తుండగా వచ్చి ఉంటే ఏమయ్యేదో రాయడానికి కూడా చేయి ఆడడం లేదు. ఆ వారంలోనే నా భార్య ఇద్దరు పిల్లలను తీసుకుని తల్లిగారింటికి వెళ్లిపోయింది. నేను నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు చేరాను. పది నెలలుగా రోజూ ఉదయం నాలుక కింద పెట్టుకునే బుప్రినార్ఫిన్, నలోక్సోన్ కలిసిన గోలీ వాడుతున్నాను. ఈ పది నెలల్లో పాత గోలీ ఒక్కటి కూడా ముట్టలేదు.

జూన్‌లో బడులు తెరిచినప్పుడు నా భార్య, పిల్లలు తిరిగి వచ్చారు. అయితే అంతకుముందు పెద్దమనుషుల ముందు ఒక కాగితం రాయించుకున్నారు. దసరా నాటికి అన్ని రకాల గోలీలు మానేయకపోతే మామగారు బిడ్డను, మనవలను మళ్లీ తీసుకెళ్తారు. ‘ఒక గోలీ పోయి ఇంకో గోలీ వచ్చింది, అంతే గదా’ అని ఆయన అంటే నాకు జవాబు దొరకలేదు. ఆసుపత్రి రిజిస్టరులో పేరు ఉంటే ఎప్పుడైనా పోలీసులు ఇంటికి వస్తారని కూడా ఆయన భయపడుతున్నారు.

అసలు బాధ మరొకటి ఉంది. నా కూతురికి 11 ఏళ్లు, కొడుకుకు 4 ఏళ్లు. నేను సాయంత్రం వచ్చి చొక్కా విప్పి స్నానానికి వెళ్లగానే, ఉతకడానికి వేస్తున్నట్లుగా కూతురు ఆ చొక్కా తీసి జేబులు వెతుకుతుంది. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. ఏమీ దొరకకపోయినా ఆమె ముఖంలో తేటదనం రాలేదు. రెండేళ్ల కిందట నేను ఆమె బంగారు కమ్మలు తాకట్టు పెట్టాను. బడిలో పోగొట్టుకుందని అనుకుని తల్లి ఆమెను కొట్టింది. నేను అదే గదిలో మంచం మీద పడుకుని ఉన్నాను, నోరు విప్పలేదు. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో వారి కోసం దసరాలోపు ఈ గోలీ మానేయవచ్చా? కమ్మల సంగతి కూతురికి చెప్పాలా? ఆమె జేబులు వెతకడం చూసీ చూడనట్లు ఊరుకోవాలా?

జవాబు: విశ్రాంత నర్సు, మహబూబ్‌నగర్

తమ్ముడూ, నేను వైద్యురాలిని కాను. అయితే మానసిక వైద్య విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను, మీ మామగారు అన్న మాట వందలసార్లు విన్నాను. మీ గోలీ విషయం తేల్చవలసినది దానిని రాసిన వైద్యుడే తప్ప పెద్దమనుషుల కాగితం కాదు, దసరా పండుగ అంతకంటే కాదు.

మామగారికి చెరువు తూము చూపించి చెప్పండి. ట్రమడాల్ వంటి మందులు మెదడులోని ఆ తూమును బారుగా ఎత్తేస్తాయి. నీరు ఒక్కసారిగా పారుతుంది, కొన్ని గంటల్లో ఆగిపోతుంది, ఆగగానే ఒళ్లంతా ఎండిపోయినట్లు అల్లాడుతుంది. బుప్రినార్ఫిన్ అదే తూము మీద కూర్చుంటుంది కానీ దానిని సగం మేరకే తెరిచి పట్టుకుంటుంది, ఒక రోజంతా వదలదు, ఇంకొకరిని చేయి వేయనివ్వదు. అందువల్ల మత్తూ ఉండదు, అల్లాటా ఉండదు, పైన పాత గోలీ వేసుకున్నా అది పెద్దగా పనిచేయదు. దానిలో నలోక్సోన్ కలిపింది ఎవరైనా కరిగించి సూది ద్వారా ఎక్కించుకోకుండా చేయడానికి. మీరు పది నెలలుగా బండి నడుపుతూ, బువ్వ తింటూ, ఇంటికి సమయానికి వస్తూ ఉన్నారంటే ఆ మందు తన పని తాను చేస్తున్నదని అర్థం. దీనిని ఏడాది, రెండేళ్లు, కొందరు అంతకంటే ఎక్కువ కాలం వాడుతారు. మానవలసిన రోజు వచ్చినప్పుడు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

ఉన్నట్టుండి మానితే ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు, ఒళ్లు నొప్పులు వస్తాయి, నిద్ర దూరమవుతుంది. అవి కొన్నాళ్లకు తగ్గుతాయి కానీ అసలు ప్రమాదం వాటి తర్వాత ఉంటుంది. కొంతకాలం దూరంగా ఉన్న శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. ఒకనాడు పది గోలీలు మింగి తిరిగిన మనిషి, మానిన తర్వాత మనసు జారి అవే పది మింగితే ఊపిరి ఆగవచ్చు. ట్రమడాల్‌కు ఫిట్స్ గుణం కూడా ఉన్నదని మీకు అనుభవమే. మన జిల్లాల వారికి ఇంకొక మాట చెప్పాలి. పెళ్లికో బోనాలకో వెళ్లినప్పుడు, ‘కల్లే గదా’ అని ఎవరైనా పోస్తే తాగకండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్ వంటి నిద్రమందులు కలుపుతారు. అవి మీ గోలీతో కలిస్తే శ్వాస మందగిస్తుంది.

ఇప్పుడు మీరు అడగని విషయానికి వస్తాను. మీకు నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. పెద్దవారికి వైద్యమైన ఆ ఒక్క గోలీ చిన్నపిల్లవాడి నోట్లో పడితే ఊపిరి నిలిచిపోవచ్చు. అటక మీదో దేవుడి గూట్లోనో పెట్టి మరిచిపోవద్దు, తాళం వేసిన డబ్బాలో పెట్టండి. పొరపాటున పిల్లవాడు నోట్లో వేసుకుంటే, బాగానే ఉన్నాడులే అని చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మీరు ఆ గోలీని ఉదయం ఎక్కడ వేసుకుంటున్నారు? ఇంటి వెనక్కి వెళ్లి వేసుకుంటున్నారని నా అనుమానం. అలాగైతే మీ కూతురు జేబులు వెతకడంలో ఆశ్చర్యమేముంది? ఆమెకు తెలిసిన తండ్రి దాచుకుని గోలీ మింగేవాడు, ఇప్పటి తండ్రి కూడా అదే చేస్తున్నాడు. అందరి ముందు కూర్చుని వేసుకోండి, డబ్బా తాళం మీ భార్య దగ్గర ఉంచండి. వచ్చే ఓపీకి ఆమెను వెంట తీసుకువెళ్లండి. మామగారు వస్తానంటే ఇంకా మంచిది, ఆయన ప్రశ్నకు మీరు కాదు, వైద్యుడు జవాబు చెప్తాడు.

జవాబు: రైతు, మర్రిగూడ

ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం మాది. కీళ్ల నొప్పులు లేని ఇల్లు మా ఊళ్లో అరుదు, అందువల్ల నొప్పి గోలీ అంటే ఎవరికీ అనుమానం రాదు. మా బావమరిది కూడా మీలాగే మోకాళ్ల నొప్పితో మొదలుపెట్టి అందులో కూరుకుపోయాడు. కుటుంబమంతా కూర్చుని అతనికి అయ్యప్ప మాల వేయించాము. మొదటి ఐదు రోజులు విరేచనాలతో, వణుకుతో నరకం చూశాడు. ఒళ్లు శుద్ధి అవుతోందని మేము సంతోషించాము. 41 రోజులు నిష్ఠగా ఉన్నాడు. ఇరుముడి దించి శబరిమల నుంచి వచ్చిన నాలుగో రోజు రాత్రి మునుపటి లెక్కలోనే గోలీలు మింగాడు. పెదవులు నీలంగా మారిన మనిషిని ట్రాలీ ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాము. పైన నర్సమ్మ గారు రాసినది చదివితే, మాల మెడలో ఉన్నంతకాలం ఒళ్లు అలవాటు మరిచిపోయిందని, అందుకే పాత లెక్క ప్రాణం మీదికి తెచ్చిందని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంతమాత్రాన దీక్షను తీసిపారేయవద్దు. అతను ఇప్పటికీ ఏటా మాల వేసుకుంటాడు, దానితోపాటు ఆసుపత్రి మందు కూడా వేసుకుంటాడు. గురుస్వామికి ఆ సంగతి చెప్తే ఆయన అభ్యంతరం పెట్టలేదు.

కమ్మల విషయంలో మాత్రం నా మాట వేరు. పదకొండేళ్ల ఆడపిల్లకు తండ్రి తప్పులు విప్పి చెప్పడం దేనికి? కొత్త కమ్మలు చేయించి పండుగనాడు చెవులకు పెట్టండి, చాలు.

జవాబు: న్యాయవాది, నల్గొండ

చికిత్స మానాలని పెద్దమనుషులు రాయించిన కాగితానికి చట్టపరమైన బలం లేదు. పోలీసుల భయం గురించి కూడా క్లుప్తంగా చెప్తాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడిన వ్యక్తి స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందితే, వాడకానికి లేదా కొద్ది పరిమాణానికి సంబంధించిన నేరాల్లో అతనికి విచారణ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను తీసివేయవచ్చు, ఈ మాట మీ మామగారికి ప్రత్యేకంగా చెప్పండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాన్ని కూడా మానసిక అనారోగ్యంలో చేర్చింది. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని దాని 23వ సెక్షన్ చెప్తుంది. పిల్లల విషయం కోర్టు దాకా వెళ్లకూడదనే కోరుకుంటాను. వెళ్లినా న్యాయస్థానం చూసేది పిల్లల క్షేమాన్నే, అప్పుడు క్రమం తప్పని మీ ఓపీ చీటీలు మీకు అనుకూలమైన సాక్ష్యం అవుతాయి.

జవాబు: ఉపాధ్యాయురాలు, వనపర్తి

అన్నగారూ, నేను మీ కూతురి స్థానం నుంచి రాస్తున్నాను. మా నాయన పాలమూరు నుంచి బొంబాయికి వలస వెళ్లి, భవనాల పనిలో భుజం దెబ్బతిని, పెంటజోసిన్ అనే నొప్పి సూదికి అలవాటుపడి తిరిగి వచ్చాడు. ఆయన తొడల మీద మానని పుండ్లు ఉండేవి. వాటిని చూసి ఆ రోజు సూది పడిందో లేదో నేను లెక్కకట్టేదానిని. నాకు అప్పుడు పదేళ్లు. మా అమ్మ కైకిలికి పోయేది కాబట్టి ఆ కాపలా పని నాది అనుకున్నాను, ఎవరూ అప్పగించకపోయినా.

మీ బిడ్డ జేబులు వెతకడం మిమ్మల్ని అవమానించడానికి కాదు. ఆ రాత్రి నిశ్చింతగా పడుకోవచ్చా లేదా అన్నది ఆమె తెలుసుకోవాలి, దానికి ఆమెకు తెలిసిన మార్గం అదొక్కటే. వెతకనివ్వండి. ‘నామీద నమ్మకం లేదా’ అని మాత్రం ఎన్నడూ అడగకండి, ఆ ప్రశ్నకు ఆమె అబద్ధం చెప్పవలసి వస్తుంది. అలాగని మీరే జేబులు బయటికి లాగి చూపించకండి, చాక్లెట్లు పెట్టి ఆమెను మురిపించబోకండి. మా నాయన ఒకసారి అలాగే పల్లీపట్టి పెట్టాడు. అది దొరికిన రోజున నేను ఇంకా ఎక్కువ భయపడ్డాను, ఎందుకంటే సూది కొన్న రోజుల్లోనే ఆయన నాకు ఏదో ఒకటి కొని తెచ్చేవాడు. చొక్కాను ఎప్పటిలాగే దండెం మీద వేసి మీ పని మీరు చూసుకోండి.

కమ్మల విషయంలో మర్రిగూడ పెద్దాయనతో నేను ఏకీభవించలేను. పోగొట్టిందన్న నింద ఆ పిల్ల మీద రెండేళ్లుగా ఉంది. కొత్త కమ్మలు పెడితే ‘ఈసారైనా జాగ్రత్త’ అని ఎవరో ఒకరు అంటారు, అప్పుడు మీరు మళ్లీ మౌనంగా కూర్చోవలసి వస్తుంది. చెప్పండి, కానీ పొడుగ్గా చెప్పకండి. గోలీలు, అప్పులు, పశ్చాత్తాపం అన్నీ కలిపి ఆమె ముందు కుమ్మరిస్తే, ఏడ్చే తండ్రిని ఓదార్చే పని కూడా ఆమె నెత్తిన పడుతుంది. కమ్మలు తీసింది నేను, నువ్వు పోగొట్టలేదు, నిన్ను కొట్టినప్పుడు చెప్పకపోవడం నా తప్పు, ఇంతే చాలు. నాకు ఒక జబ్బు వచ్చింది, దానికి రోజూ మందు వేసుకుంటున్నాను, నన్ను చూసుకోవలసింది డాక్టరు, నువ్వు కాదు, అని కూడా చెప్పండి. క్షమించమని అడగకండి. పిల్లలు అడగగానే సరేనంటారు, ఆ సరే దేనికీ పనికిరాదు.

నమ్మకం ఎలా తిరిగి వచ్చిందని మీరు అడుగుతారేమో. నేను గురుకులంలో చేరాక తల్లిదండ్రులను కలవనిచ్చే ఆదివారాల్లో మా నాయన వస్తానన్నాడు. మొదటి ఏడాది నేను గేటు దగ్గరికి పోలేదు, వచ్చాడని ఎవరైనా చెప్తేనే వెళ్లేదానిని. రెండో ఏడాది కూడా అంతే. పదో తరగతిలో ఒక ఆదివారం జడివాన కురిసింది, బస్సులు నడవడం లేదన్నారు, ఆ రోజు మాత్రం నేను ఎవరూ చెప్పకముందే గేటు దగ్గర నిలబడ్డాను. అంటే దాదాపు మూడేళ్లు పట్టింది. మీకు పది నెలలే అయింది, అందులో పిల్లలు మీ ఇంట్లో ఉన్నది రెండు నెలలు. దసరా గడువు పెద్దలు పెట్టుకున్నది, పిల్ల లెక్క వేరుగా ఉంటుంది.

జవాబు: గృహిణి, నకిరేకల్

మా ఆయనది కూడా ఇదే కథ కాబట్టి మీ భార్య తరఫున రెండు మాటలు రాస్తాను. అన్నా, ఆమె దగ్గర తాళం పెట్టడం మంచిదే, కానీ ఆమెను జైలు వార్డరును చేయకండి. నెల జీతం ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, తాకట్టులో ఏమేమి ఉన్నాయి అన్న లెక్క ఆమె అడగకముందే చెప్పండి. నాకు తెలియని అప్పు ఇంకొకటి బయటపడుతుందేమోనన్న భయం గోలీల భయం కంటే ఎక్కువ కాలం నన్ను పీడించింది. ఒంటరిగా ఉన్నప్పుడు మనసు లాగితే ఆమెకే చెప్పుకోవాలని లేదు. వ్యసన విముక్తి సహాయానికి 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416 ఉన్నాయి. నేను కూడా 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడాను. వారు నాకు ఏమీ ఉపదేశించలేదు, విన్నారు.

మళ్లీ: డీసీఎం డ్రైవర్, మిర్యాలగూడ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. నర్సమ్మ గారి అనుమానం నిజమే, నేను బాత్రూములో తలుపు వేసుకుని గోలీ పెట్టుకునేవాడిని. ఇప్పుడు పొద్దున చాయ్‌కి ముందు వాకిట్లో కుర్చీ వేసుకుని అందరూ చూస్తుండగా పెట్టుకుంటున్నాను. అది కరిగేదాకా మాట్లాడకూడదు కాబట్టి మా వాడు నా ఎదుట నిలబడి నన్ను మాట్లాడించాలని చూస్తాడు. గోలీలు ఇనుప డబ్బాలో ఉన్నాయి, తాళం చెవి మా ఇంటామె పుస్తెలతాడుకు పిన్నీసుతో పెట్టుకుంది.

కమ్మల సంగతి ఒక ఆదివారం కూతురికి చెప్పాను. టీచరమ్మ గారు రాసినన్ని మాటలే చెప్పాలని అనుకున్నాను కానీ గొంతు పట్టేసి సగమే చెప్పగలిగాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. ‘అమ్మకు చెప్పినవా?’ అని ఒక్క మాట అడిగింది. లేదన్నాను. ‘చెప్పు మరి’ అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నా భార్యకు చెప్పాను, తాకట్టు చీటీ కూడా చూపించాను. వడ్డీతో కలిపి అసలు కంటే ఎక్కువే అయింది. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ చాలాసేపు ఏదో చెప్పింది. నేను వినలేదు, వినకూడదనే బయటికి వెళ్లాను.

జేబులు వెతకడం ఆగలేదు. మధ్యలో రెండు రోజులు చూడలేదు, మూడో రోజు మళ్లీ చూసింది. ఆ రోజు నేను మిల్లు దగ్గర ఆలస్యమై రాత్రి తొమ్మిదికి వచ్చాను, అందుకే అయి ఉంటుంది. ఇప్పుడు ఆలస్యమయ్యేటట్లుంటే ముందే ఫోన్ చేస్తున్నాను.

గోలీ మానడం లేదు. వకీలు గారు రాసినది మామగారికి చదివి వినిపించాను. చికిత్స మధ్యలో వదిలితే రక్షణ పోతుందన్న దగ్గర ఆయన మళ్లీ ఒకసారి చదవమన్నారు. కాగితం చింపలేదు కానీ డాక్టరుతో తానే మాట్లాడుతానన్నారు. వచ్చే మంగళవారం ఓపీ ఉంది, పొద్దున ఆరింటి బస్సుకు ముగ్గురం బయల్దేరుతున్నాము.